మా అమ్మ ఊరి మీది ఒండ్రు: ఇద్దరు ముఖ్యమంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికీ, తెలంగాణ ముఖ్యమంత్రి గారికీ,

నందికొట్కూరు దగ్గర ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయిన పంతుల్ని. పోతిరెడ్డిపాడు కాలువ మాకు దగ్గరే. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, బండి వేసుకుని పోయి గట్టు మీద ఓ గంట నిలబడి చూసి వస్తాను. రాయలసీమలో పుట్టినవాడికి కాలువ నిండా పారే నీళ్లను చూడడం తిరునాళ్లకు వెళ్లినదాని కన్నా ఎక్కువ.

కాబట్టి ఒక మాట ముందే చెప్పుకుంటాను. నదుల మధ్య నీటిని మళ్లించడమే తప్పనే మనిషిని కాను. తుంగభద్ర నీళ్లను పెన్నా వైపు తెచ్చిన కర్నూలు–కడప కాలువ 1863లో మొదలై 1870 నాటికి పూర్తయింది. మా తాతల కాలం నుంచీ మేం తింటున్న ముద్దలో పక్క నది నీళ్లున్నాయి. బనకచర్ల దగ్గర మూడు దారులుగా చీలే కృష్ణమ్మే వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి మద్రాసు గొంతు కూడా తడుపుతోంది. నీళ్లు కావాలని అడిగేవాళ్ల వరసలో ముందు నిలబడినవాణ్ణి నేను. సీమ దాహం పేరు చెప్పి మీరు తలపెట్టిన పనుల గురించి సీమ మనిషి నోటి నుంచే ఒక మాట వినాలి, అందుకే ఈ ఉత్తరం.

పోలవరం నుంచి 200 టీఎంసీల గోదావరి వరద నీటిని కృష్ణ దాటించి, పల్నాడులో బొల్లాపల్లి దగ్గర పెద్ద జలాశయం కట్టి, నల్లమల కింద సొరంగం తవ్వి మా బనకచర్లకు తెస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతిపాదించింది. ఖర్చు 80 వేల కోట్ల పైమాటే. 2025 జూన్ 30న కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ దాన్ని తిప్పి పంపింది, ముందు కేంద్ర జలసంఘంతో మాట్లాడి అంతర్రాష్ట్ర చిక్కులు తేల్చుకోమంది. ఆ తర్వాత పథకం పేరు మారింది, దారి మారింది, గోదావరిని ఇటు తేవాలన్న సంకల్పం మారలేదు. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది సెప్టెంబరు 8న గండిపేట దగ్గర ఒక శంకుస్థాపన చేసింది. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీళ్లు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు తెచ్చి హైదరాబాదు దాహం తీర్చడం, మూసీలో మంచి నీళ్లు పారించడం దాని ఉద్దేశం. మూసీ కృష్ణకు ఉపనది. అంటే అక్కడా గోదావరి నీళ్లు కృష్ణ పరీవాహకంలోకే వస్తున్నాయి.

మీ ఇద్దరూ ఒకరి పథకాన్ని ఒకరు తప్పుపడతారు. కానీ ఇద్దరి ప్రసంగాల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది: మిగులు జలాలు, సముద్రంలో వృథాగా కలిసిపోతున్న జలాలు. ఈ ఉత్తరం ఆ మాట గురించే. ఆ మాట తప్పని నాకు అర్థమైంది పుస్తకాల్లో కాదు, మా అమ్మ పుట్టింటి బావి దగ్గర.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమె పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. 1981 నాటికి అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణ ఒడ్డున, తుంగభద్ర ఒడ్డున సుమారు వంద ఊళ్లు, లక్ష ఎకరాల దాకా నేల నీట మునిగాయి. లక్ష మంది దాకా ఇల్లూ వాకిలీ వదిలారు. వాళ్ల వారసులు కొందరు ఇప్పుడు ఒక రాష్ట్రంలో, మిగతావాళ్లు ఇంకో రాష్ట్రంలో ఉన్నారు. నీళ్ల కింద ఊళ్లకు మాత్రం ఈ సరిహద్దు లేదు.

కొన్నేళ్ల కిందట మే నెలలో, జలాశయం మట్టం బాగా పడిపోయి సంగమేశ్వరం గుడి అడుగుదాకా బయటపడిన వేసవిలో, చచ్చేలోగా ఒకసారి మా ఊరు చూపించమని అమ్మ పట్టుబట్టింది. ఆటో పోయినంత దూరం ఆటోలో, ఆ తర్వాత చేయి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకుపోయాను. చూడబోతే ఊరు లేదు. పెళ్లలు పెళ్లలుగా బీటలు వారిన ఒండ్రు, అందులో శనగ కోసిన మోళ్లు, అక్కడక్కడ పైకి పొడుచుకొచ్చిన పునాది బండలు. నలభై ఏళ్ల తర్వాత దిక్కులు గుర్తుపట్టడం అమ్మ వల్ల కాలేదు. కాసేపు తిరిగి, నేలకు సమానంగా కనిపిస్తున్న ఒక గుండ్రని రాతి అంచు దగ్గర ఆగింది. కూర్చుని చేత్తో మట్టి తుడిచింది. రాతి మీద వరసగా గాడులు. చేదతాడు ఒరుసుకుని ఒరుసుకుని పడినవి. వాటిలో వేళ్లు పెట్టి, ఇది మా బావి అంది. ఆ బావి లోతు ఎంతో ఆమెకు తెలుసు. ఇప్పుడది అంచుదాకా ఒండ్రుతో నిండిపోయి ఉంది, చెంచాడు నీళ్లు పట్టే చోటు లేదు.

ఒక పెళ్ల విరిచి నలిపితే పిండిలాగా రాలింది. ఇంత మంచి మన్ను ఎక్కడి నుంచి వచ్చిందిరా అని అడిగింది. మహారాష్ట్ర, కర్ణాటక నల్లరేగళ్ల నుంచి వచ్చిందమ్మా, దివిసీమకు పోవాల్సింది ఇక్కడ ఆగిపోయింది అని చెప్పాను. మరి అక్కడోళ్లకు ఏం పోతోంది అంది. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికి వచ్చాక వెతికాను.

అయ్యా, శ్రీశైలం కట్టినప్పుడు దాని నిల్వ 308 టీఎంసీలని లెక్క. ఇప్పుడు అధికారులు చెప్పే లెక్క 215 టీఎంసీలు. తొంభై టీఎంసీలకు పైగా చోటును మన్ను ఆక్రమించింది. గోదావరి మీది పట్టిసీమ ఎత్తిపోతల నుంచి కృష్ణకు ఏటా తేవాలనుకున్నది 80 టీఎంసీలు. అంతకన్నా ఎక్కువ నీటిని దాచుకునే చోటు మా కళ్ల ముందే పూడిపోయింది. కొత్తగా ఎక్కడి నుంచో తేవడానికి వేల కోట్లు వెతుకుతున్నాం గానీ ఉన్నదాన్ని కాపాడుకునే ఉపాయానికి ఏ బడ్జెట్టులోనూ పెద్ద పద్దు కనిపించదు.

ఇంకో వైపు చూడండి. నది మోసుకొచ్చే మన్నుతోనే డెల్టా పుట్టింది. కోనసీమ, దివిసీమ అనే నేలలు అలా వేల ఏళ్లుగా పేరుకున్నవే. సముద్రం రోజూ ఆ నేలను కోస్తుంది, నది ఏటా వరదల్లో కొత్త మన్ను తెచ్చి ఆ కోతను పూడుస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగితే ఏమవుతుందో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని లెక్క కట్టి 2010లో ప్రచురించారు. 1970లలో గోదావరి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల మన్ను కిందికి తెచ్చేది, 2000 తర్వాతి ఏళ్లలో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి మరీ ఘోరం. 1960ల చివర్లో 90 లక్షల టన్నులు ఉన్నది 4 లక్షల టన్నులకు దిగింది. 1965 నుంచి 2008 దాకా, 336 కిలోమీటర్ల ఈ జంట డెల్టాల తీరంలో 76 చదరపు కిలోమీటర్ల నేల నికరంగా సముద్రం పాలైంది. 1990 తర్వాత ఆ కోత వేగం పెరిగింది. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఆమె బావిలో నిండిన మన్ను అక్కడ ఒకరి కొబ్బరితోట కింద ఉండాల్సింది.

ఇక సముద్రంలోకి వృథాగా పోతున్న నీళ్ల మాటకు వస్తాను. గోదావరి నుంచి ఏటా మూడు వేల టీఎంసీలు కడలి పాలవుతున్నాయని సభల్లో చెబుతుంటారు. సగటు తీస్తే అంత పెద్ద అంకె వస్తుందేమో గానీ అదంతా దాదాపు మూడు నెలల వరద. మిగతా నెలల గోదావరిని చూడండి. రబీ వచ్చేసరికి తూర్పు, పశ్చిమ డెల్టాల రైతులు వంతులవారీ నీటికి ఎదురుచూస్తారు, సీలేరు నుంచి నీళ్లు వదిలితే తప్ప చివరి భూములకు తడి అందదు. పన్నెండు నెలల లెక్కలో మిగులు కనిపించే నదిలో నాలుగైదు నెలలు లోటే.

ఆ మూడు నెలల వరద కూడా ఊరికే పోవడం లేదు. ఎర్రనీరు సముద్రంలోకి ఎంత దూరం పోతుందో ఆ వాసన పట్టుకునే చేప నదిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. సముద్రంలో దాన్ని వలస అంటారు, గోదావరి నీళ్లు తాగాక పులస. పుస్తెలమ్ముకునైనా పులస తినాలని గోదావరి జిల్లాల వాళ్లు అంటారే, ఆ పులస ధవళేశ్వరం దాటి పైకి పోలేదు గానీ బ్యారేజీ కింది నీటిలోనైనా ఇంకా బతుకుతోంది. యానాం, అంతర్వేది వైపు వలలు వేసేవాళ్లకు ఆ కొన్ని వారాల ఆదాయం ఏడాది బతుకు. కోరంగి మడ అడవులకు ఉప్పునీళ్లు ఎంత అవసరమో మంచినీళ్లూ అంతే అవసరం, ఆ మడ వేళ్లలోనే రొయ్యపిల్లా చేపపిల్లా పెరుగుతాయి. తుపాను వచ్చినప్పుడు కాకినాడకు అడ్డం నిలబడేదీ అవే. వీటికి ఆయకట్టు రికార్డులో సర్వే నంబరు లేదు, అందుకని వీటి వాటా సున్నా కాదు. నదిలో ఏ నెలలో ఎంత నీరు తీయొచ్చో, ఎంత తీయకూడదో చెప్పకుండా మిగులు అనే మాట వాడడం తప్పు.

లెక్కల్లోనే ఇంకో చిక్కుంది. గోదావరికి వరద వచ్చే రోజుల్లోనే చాలాసార్లు కృష్ణకూ వస్తుంది. కృష్ణ పొంగిన ఏళ్లలో పట్టిసీమ మోటార్లకు పెద్దగా పని ఉండదు, ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తి ఉన్నప్పుడు అక్కడికి ఇంకో నది నీళ్లు తెచ్చి ఏం చేస్తాం? ఆ చోట మనకు 2024 సెప్టెంబరు ఒక పాఠం చెప్పింది. పట్టిసీమ నీళ్లు పోలవరం కుడికాలువ గుండా వచ్చి కృష్ణలో కలిసేది బుడమేరు మళ్లింపు కాలువ ద్వారా. ఆ సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగు పొంగింది. అదే సమయానికి కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర చరిత్రలో లేనంతగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. కృష్ణ నిండుగా ఉంటే కాలువ నీళ్లు దిగవు. బుడమేరు గట్లకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వరదకు కుండపోత వానే మూలం, ఆక్రమణలూ తోడయ్యాయి, మళ్లింపు ఒక్కటే కారణమని నేననను. కానీ వాగుల సహజమైన వాలును అడ్డంగా కోసుకుంటూ 174 కిలోమీటర్ల కాలువ తవ్వినప్పుడు, ప్రతి వాగు దగ్గరా ఆ కాలువకొక పరీక్ష ఉంటుంది. పట్టిసీమ మొదలైన 2015లోనే తమ్మిలేరు దగ్గర అక్విడక్టుకు గండి పడింది. అలాంటిది పోలవరం నుంచి నల్లమల దాకా కొత్తగా ఎన్ని వాగులు దాటాలో మీ ఇంజనీర్లను అడగండి.

నీటి మళ్లింపుకు పైవాళ్లకు చెల్లించాల్సిన ధర కూడా ఉంది. 1980 నాటి గోదావరి తీర్పు ప్రకారం పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణకు తెస్తే, కృష్ణలో ఎగువన 35 టీఎంసీలు మహారాష్ట్ర, కర్ణాటకలకు దక్కుతాయి. అదీ న్యాయమే, అప్పుడు అందరూ కూర్చుని ఒప్పుకున్నారు. నేను గుర్తు చేసేది ఒక్కటే, గోదావరి నుంచి తెచ్చే ప్రతి కొత్త టీఎంసీకీ అలాంటి పంచాయితీ కాచుకుని ఉంటుంది. ఆ పంచాయితీ తెగకముందే శంకుస్థాపన రాయి నాటితే మీ తర్వాత వచ్చే ముఖ్యమంత్రులు కోర్టు మెట్ల మీద తిరుగుతారు.

ఇప్పుడు అందరికన్నా ఎక్కువ చెల్లించిన వాళ్ల దగ్గరికి వస్తాను.

పోలవరం జలాశయం కింద సుమారు లక్ష కుటుంబాలు ఇళ్లు వదలాలి. వాళ్లలో ఎక్కువ మంది కోయలు, కొండరెడ్లు. తెలంగాణ ఏర్పడ్డ 2014లో వాళ్లలో చాలామంది ఉండే మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఒక పూట పడుకుని లేచేసరికి రాష్ట్రం మారిపోయిన మనుషులు వాళ్లు. అక్కడ ముసలీ ముతకా కూడా 41.15, 45.72 అని దశాంశాలు మాట్లాడతారు. సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో మీ ఇల్లుంది అన్నదాన్ని బట్టి ప్యాకేజీ ముందా, తర్వాతా అని తేలుతుంది. 41.15 కాంటూరు లోపలైతే మొదటి దశ. ఆ గీతకు అవతల గుడిసె ఉన్నవాడు ఆగాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. వరదకు కాంటూరు తెలియదు. కూనవరం, వీఆర్ పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో గీతకు ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ కలిసి గుట్టల మీదికెక్కి టార్పాలిన్ల కింద పడుకున్నారు. కింద డ్యామ్ పనుల దగ్గర నది దారి మార్చినందువల్ల నీళ్లు వెనక్కి ఎగదన్నాయని వాళ్లంటారు. ఆ మాటకు తగిన జవాబు వాళ్లకు అర్థమయ్యే భాషలో, వాళ్ల ఊళ్లో కూర్చుని ఎవరూ చెప్పలేదు.

జంగారెడ్డిగూడెం వైపు ఒక పునరావాస కాలనీకి నేను పోయాను. స్లాబు ఇళ్లు, సిమెంటు రోడ్డు, కరెంటు స్తంభాలు ఉన్నాయి, లేవనను. ఒక కోయ ఇల్లాలు గడప మీద కూర్చుని ఉంది. చేతిలో పనేమీ లేదు. పాత ఊళ్లో ఉంటే ఆ వేళకు అడవి నుంచి అడ్డాకులు తెచ్చి విస్తళ్లు కుడుతూ ఉండేదాన్నని చెప్పింది. చింతపండు, ఇప్పపువ్వు, తేనె, వెదురు, చీపురు, ఏది కావాలన్నా అడవిలోకి నాలుగడుగులు. కాలనీలో చింతపండు కొనుక్కుంటున్నామని చెబుతూ ఆమె సిగ్గుపడింది, తప్పు చేసినట్టు. చింతచెట్టు నీడలో పుట్టి పెరిగిన మనిషి చింతపండు కొనాల్సి రావడం ఏ పరిహారం జాబితాలోనూ లేదు. ఇంటి కొలతకు లెక్క కట్టారు, పట్టా ఉన్న భూమికి లెక్క కట్టారు. అడవి నుంచి ఏడాది పొడవునా వచ్చే తిండికీ, పశువుల మేతకూ, మందుమాకులకూ లెక్క కట్టే గడి ఆ ఫారంలో లేదు.

ఆమె గడప దగ్గర నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నలభై ఏళ్ల తేడాలో అదే కథ రెండుసార్లు. మొదటిసారి మాకు నీళ్లు తేవడానికి మా అమ్మవాళ్ల ఊరు మునిగింది. రెండోసారి మాకు నీళ్లు తేవడానికే ఈ ఇల్లాలి ఊరు మునుగుతోంది. సిద్దిపేట దగ్గర మల్లన్నసాగర్ కింద వేములఘాట్ మునగకముందు ఆ ఊరివాళ్లూ నెలల తరబడి దీక్షలో కూర్చున్నారు. రేపు నల్లమలలో సొరంగం అంటే చెంచు గూడేలకు ఎవరు వెళ్లి చెప్తారు? అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. ఆ సభ కాగితం మీద జరిగితే చాలదు. నల్లమల కింద తవ్వడమంటే ఏమిటో తెలంగాణ వైపు శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న చూశాం. పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి నుంచో పని కోసం వచ్చిన బిడ్డలు వాళ్లు.

మరి సీమకు నీళ్లొద్దా అని మీరు అడుగుతారు. కావాలి. అనంతపురంలో ఏడాదికి పడే వాన ఐదువందల మిల్లీమీటర్ల పైచిలుకు, వేరుశనగ ఎండితే అప్పే పంట. కానీ సీమ అడుగుతున్నదేమిటో ఒక్కసారి నిదానంగా వినండి. పట్టిసీమ నీళ్లు కృష్ణా డెల్టాకు ఇస్తే శ్రీశైలంలో అన్ని నీళ్లు మిగులుతాయని, అవి సీమకేనని 2015లో చెప్పారు. మంచి ఆలోచన. అలా మిగిలిన నీళ్లను సీమకు నికర జలాలుగా రాసిచ్చి, ఏ ఏడాది ఎంత అనేది కాగితం మీద పెట్టమని సీమ ఉద్యమకారులు పదేళ్లుగా అడుగుతున్నారు. హంద్రీ–నీవా కాలువ పారుతుంది, కానీ చాలాచోట్ల పిల్లకాలువలు లేవు. గట్టు పక్క రైతు డీజిల్ ఇంజన్ పెట్టి పైపు వేసుకుంటాడు, కిలోమీటరు అవతలివాడు గట్టు మీద నిలబడి చూస్తాడు, నాలాగా. 80 వేల కోట్లలో పదోవంతు పెడితే ఆ పిల్లకాలువలూ, వాటికి కలిపే చెరువులూ, చెరువుల కట్టలూ పూర్తిగా బాగవుతాయో లేదో ముందు లెక్క తీయించండి. అవి కాకుండా కొత్త నది తెచ్చి బనకచర్లలో పోస్తే మళ్లీ మేం గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ పెద్ద చెరువు తవ్వించి వేయించినది. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని అందులో ఉంది. చెరువుకు ఏమేమి ఉండాలో పన్నెండు అంగాలు, ఏమేమి ఉండకూడదో ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊటగా కారడం ఒక దోషం. నీరు తక్కువ, దానికింద పారాల్సిన నేల ఎక్కువ కావడం ఇంకో దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం మరో దోషం. ఆరున్నర శతాబ్దాల కిందట మా సీమ జలసూత్రధారులకు నీటితో వచ్చే తగాదా ఎలాంటిదో అంత స్పష్టంగా తెలుసు. నేను పిల్లలకు ఈ శాసనం చెప్పినప్పుడల్లా వాళ్లు ఆశ్చర్యపోయేవారు. మీ ఇద్దరికీ దీన్ని గుర్తు చేస్తున్నది ఎందుకంటే మీరు కట్టబోయే ప్రతిదీ రెండు రాజ్యాల సరిహద్దులోనే ఉంది. ఆ దోషం పోయే దారి ఒక్కటే, ఇద్దరూ కలిసి ముందే కూర్చోవడం.

అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. గోదావరి, కృష్ణ, పెన్నా మూడింటికీ కలిపి మీ రెండు ప్రభుత్వాలూ ఒకే అధ్యయనం చేయించండి. నెలవారీ ప్రవాహం, మన్ను, డెల్టాకు కావాల్సిన కనీస నీరు, మడ అడవుల వాటా, కరెంటు ఖర్చు, అన్నీ అందులో ఉండాలి. అది తెలుగులో అచ్చు వేసి పంచాయతీ ఆఫీసుల్లో పెట్టండి, మాలాంటి వాళ్లం చదువుకుంటాం. అది వచ్చేదాకా కొత్త శంకుస్థాపనలు ఆపండి. పోలవరంలో ఆఖరి కుటుంబానికి ఇల్లు, భూమి, అడవి ఆదాయానికి బదులు ఇచ్చాకే నీటి మట్టం పెంచండి. శ్రీశైలం నిర్వాసితుల్లో ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లు మీ ఇద్దరి రాష్ట్రాల్లోనూ ఉన్నారు, వాళ్ల పిల్లల జుట్టు కూడా నెరిసింది. ఆ ఫైళ్లు ముందు మూసేయండి. సీమకు ఇవ్వాలనుకున్న నీళ్లు ఎన్నో టీఎంసీల్లో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఇంకొకరి ఊరు ముంచకుండా తేగలిగిన నీళ్లు ఎన్నో ముందు తేల్చి, వాటితో మొదలుపెట్టండి. అవి తక్కువైనా మేం సర్దుకుంటాం. సీమ రైతుకు తక్కువ నీళ్లతో బతకడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ వేసవిలో జలాశయం మట్టం పడితే సంగమేశ్వరం మళ్లీ బయటపడుతుంది. అక్కడ నది మధ్యలో గీత గీస్తే ఇవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అవతలి ఒడ్డు తెలంగాణ. మీరిద్దరూ ఒక్క పూట రండి. హెలిప్యాడ్లూ, బారికేడ్లూ వద్దు, నందికొట్కూరు నుంచి రోడ్డుంది. మా అమ్మను వెంట తీసుకొస్తాను. నడవగలిగినంత కాలం వస్తానంది. బావి అంచు మీద గాడులు చూపిస్తుంది, ఆ మన్ను ఒక పిడికెడు మీ చేతుల్లో పెడుతుంది.

ఇట్లు,
నందికొట్కూరు ప్రాంతపు ఒక రిటైర్డ్ పంతులు